ముందు 1930, తిట్లు తర్వాత

డబ్బు పోయిన ఇంట్లో మొదటి గంట ఎలా గడుస్తుందో నాకు బాగా తెలుసు. ముందు నమ్మబుద్ధి కాదు, బ్యాలెన్స్ పదే పదే చూసుకుంటారు. తర్వాత "నువ్వే నొక్కావు", "నీ ఫోనే కదా" మొదలవుతుంది. అదంతా అయ్యాక ఎవరికో గుర్తొస్తుంది, వీధిలో బ్యాంకులో చేసి రిటైరైన సారొకాయన ఉన్నాడని. నా దగ్గరికి వచ్చేసరికి ఆ సొమ్ము నాలుగు రాష్ట్రాలు తిరిగి ఏటీఎంలోంచి బయటపడి ఉంటుంది.

మా ఖమ్మంలో వీధి చివర టైలర్ గారింట్లో మాత్రం వేరేగా జరిగింది. ఆయనకి వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా అని ఒక ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది, వచ్చింది. బండి ఉన్నవాడికి చలానా అంటే గుబులేగా! నొక్కాడు. మెసేజ్‌లు చదవడానికి పర్మిషన్ అడిగితే ఇచ్చాడు. ఓటీపీ ఎవరికీ చెప్పలేదని ఇప్పటికీ ఒట్టేస్తాడు, నిజమే. వచ్చిన మెసేజ్ వచ్చినట్టే ఆ యాప్ అవతలికి చేరవేస్తుంటే ఇక చెప్పాల్సిన పనేముంది?

వాళ్లావిడ పరిగెత్తుకొచ్చి, "తిట్టడానికి రాత్రంతా ఉంది, ముందు ఎక్కడికి ఫోన్ చేయాలో చెప్పన్నా" అంది. ఆయన ఫోన్‌లో నెట్ ఆపేసి, ఆవిడ ఫోన్ నుంచి సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930 కలిపాం. ఖాతా నంబరు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, లావాదేవీ నంబరు అడిగారు. యూపీఐ అయితే అది 12 అంకెలు. కంగారులో చదివితే తప్పు పోతుంది, కాగితం మీద రాసుకుని చెప్పడం మేలు. ఆ ఫిర్యాదు సొమ్ము చేరిన బ్యాంకుకు వెళ్తుంది. సొమ్ము అక్కడే ఉంటే హోల్డ్ పెడతారు, అంటే కదలకుండా ఆపుతారు, వెళ్లిపోతే ఆ తర్వాతి ఖాతా వెంట పడతారు. ఆ పూట పరుగంతా డబ్బు వెనకే, దొంగ సంగతి తర్వాత.

మర్నాడు బ్యాంకుకు వెళ్లి కాగితం మీద ఫిర్యాదిచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. ఊహించినట్టే "మీ నిర్లక్ష్యం" అన్నారు. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదేనని 2017 జూలైలోనే రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. అయితే ఓటీపీ మనమే చెప్పేసి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదాని నష్టం మనదే. తెలియజేశాక పోయింది బ్యాంకు మీద పడుతుంది. ఆ ముద్ర మీద తేదీ, టైమూ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

హోల్డ్ అయినంత మాత్రాన సొమ్ము దానంతటది ఇంటికి రాదు, చాలావాటికి కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో ఇలాంటివి లోక్ అదాలత్‌లో తేలుస్తున్నారు. టైలర్ గారికి సగానికి కొంచెం ఎక్కువే అలా వచ్చింది, నెలలు పట్టింది. దీనికి ఇంకో వైపూ ఉంది. దొంగసొమ్ములోంచి ఎవడో టీ తాగి స్కాన్ చేసి పోతే, పాపం ఆ టీ కొట్టువాడి ఖాతా మీదా హోల్డ్ పడుతుంది. ఆ మొత్తం వరకే ఆపకుండా ఖాతా మొత్తం బిగించేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

ఆఫీసుల్లో ఇదే తంతు ఇంకా ఘోరం. తెలిసిన మిర్చి వ్యాపారి దగ్గర గుమాస్తాకి పాత పార్టీ పేరుతో మెయిల్ వచ్చింది, "మా ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అని. వేసేశాడు. అనుమానం వచ్చాక కూడా ఉద్యోగం పోతుందన్న భయంతో రెండ్రోజులు నోరు విప్పలేదు. ఖాతా మారిందంటే మెయిల్లో ఇచ్చిన నంబరుకి కాదు, మన డైరీలో ఉన్న పాత నంబరుకి ఫోన్ చేయాలి, అది అందరూ చెప్పేదే. నేను షావుకారుకి చెప్పింది మాత్రం ఇంకోటి: వెంటనే వచ్చి చెప్పినవాణ్ని ఏమీ అననని ముందే అందరి ఎదుటా మాటివ్వమన్నాను. సంస్థల మీద సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తమకు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022లో ఆదేశమిచ్చింది. గుమాస్తా రెండ్రోజులు దాచే చోట ఆ ఆరు గంటలు ఎక్కడివి?

అన్నట్టు, డబ్బు పోయినవాళ్ల నంబర్లు కూడా చేతులు మారతాయో ఏమో, "మీ సొమ్ము మేం తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అని టైలర్ గారింటికి ఫోనొచ్చింది. ఎత్తింది ఆవిడే. "తెచ్చినదాంట్లో మీ ఫీజు కోసుకుని మిగతాది పంపండి బాబూ" అందట. ఠక్కున పెట్టేశాడు.