రౌ నది ఒడ్డున, నవ్వని నటుడి కోసం

పోర్ట్‌లాండ్ నుంచి దక్షిణంగా రెండు గంటలకు పైగా కారులో ప్రయాణించి, నేనూ నా శ్రీమతీ ఆరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ అనే చిన్న పట్టణానికి చేరుకున్నాము. మూకీల నాటి హాస్యనటుడు బస్టర్ కీటన్ 1926 వేసవిలో ‘ది జనరల్’ చిత్రీకరించినది ఈ పరిసరాలలోనే. 1862 నాటి అమెరికా అంతర్యుద్ధ కథ జార్జియా రాష్ట్రానికి చెందినదే అయినా, పాతకాలపు ఇంజన్లను నడపడానికి అనువైన, కలప రవాణాకు వేసిన రైలు మార్గం ఇక్కడ దొరికింది. మెయిన్ స్ట్రీట్‌లోని పాత హోటలు గోడ మీద కీటన్ వర్ణచిత్రం ఉన్నది. పసితనంలోనే తల్లిదండ్రులతో రంగస్థలమెక్కి, తండ్రి తనను బంతిలా విసిరే ఆటలో తాను నవ్వకుంటేనే ప్రేక్షకులు ఎక్కువగా నవ్వుతారని గ్రహించిన మనిషి ఆయన.

ఆ రైలు మార్గం ఇప్పుడు నడిచేవారికీ సైకిళ్ళకూ బాటగా మారింది. పక్కనే పారే నది పేరును ‘రో’ అని పలికితే, ‘రౌ’ అనాలని ఒక వృద్ధుడు సరిదిద్దాడు. ఆ మాటకు జగడమని అర్థమట, పూర్వం ఇద్దరు స్థానికుల తగవు వల్ల వచ్చిన పేరట.

కల్ప్ క్రీక్ దగ్గర నది ఒడ్డున కూర్చున్నాము. జూలై 23న, వేలాది జనం చూస్తుండగా, మండుతున్న కర్ర వంతెన మీదికి నిజమైన ఇంజనును పంపి, వంతెనతో సహా నదిలో కూల్చినది ఈ ప్రాంతంలోనే. మళ్ళీ తీసే వీలులేని ఆ ఒక్క దృశ్యానికి 42,000 డాలర్లు ఖర్చయ్యాయని చెబుతారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తుక్కు ఇనుము కోసం తరలించేదాకా ఆ ఇంజను నీటిలోనే పడి ఉన్నది. ఇప్పుడు కనిపించేవి రాళ్ళూ నీళ్ళే.

"ఏమండీ, ఇంత చేస్తే జనం నవ్వారా?" అని శ్రీమతి అడిగింది. ఆనాడు చిత్రం నష్టపోయింది. 1928లో ఎంజీఎం చిత్రనిర్మాణ సంస్థలో చేరిన కీటన్ క్రమంగా తన సినిమాపై అధికారాన్నీ కోల్పోయి, మద్యానికి బానిసయ్యాడు.

నాకైతే వంతెన కన్నా మరో దృశ్యమే గొప్పది: ప్రేయసి తిరస్కరించగా దిగులుతో ఇంజను చక్రాలను కలిపే కడ్డీ మీద కూర్చున్న కథానాయకుడు, అది కదిలి తనను పైకీ కిందికీ తిప్పుతున్నా చాలాసేపు గమనించడు. చక్రం ఒక్కసారి జారి గిర్రున తిరిగి ఉంటే ప్రాణమే పోయేది.

ఫోనులో దాచుకున్న ఆ చిత్రాన్ని అక్కడే చూపించాను. ఇంజను కూలినప్పుడు ఆమె ఊరకే చూసింది. వంతెన ఆగుతుందని ధీమాగా రైలును పంపిన సేనాధిపతి ముఖం తరువాత తెర మీదికి రాగానే పకపకా నవ్వింది.