బ్రేక్ డిస్కులు మార్చాల్సి వచ్చినప్పుడు: నా అనుభవం

మా కారు మామూలుగా పోతున్నప్పుడు బాగానే ఉండేది. 80 మీద ఉండగా బ్రేక్ వేస్తే మాత్రం స్టీరింగ్ గడగడలాడేది, కాలికింద పెడల్ కొట్టుకునేది. వీల్ బ్యాలెన్సింగ్ తేడా అయితే బ్రేక్ వేయకపోయినా వణుకుతుంది. బ్రేక్ వేసినప్పుడే వణికితే మొదట డిస్కుల్ని, అంటే చక్రంతో పాటు తిరుగుతూ బ్రేక్ ప్యాడ్లు నొక్కిపట్టే ఇనుప పళ్లేల్ని, అనుమానించాలి. డిస్క్ వంగిందని అంటుంటారు గానీ, చాలాసార్లు జరిగేది వంగడం కాదు, చుట్టూ మందం ఒకేలా లేకుండా పోవడం. మిల్లీమీటరులో వందో వంతుల తేడా వచ్చినా కాలికి తెలిసిపోతుంది.

విజయవాడ ఆటోనగర్‌లో మాకు అలవాటైన మెకానిక్ చక్రం విప్పి చూసి, "లేత్ మీద పెట్టి ఫేస్ కొట్టిస్తే సరిపోద్దండీ" అన్నారు. ఫేస్ కొట్టడమంటే డిస్క్ పైపొరని సమంగా చెక్కడం. మాకు ఖర్చు తగ్గుతుందనే ఆయన ఉద్దేశం. "ముందు కొలిచి చూద్దాం బాబాయ్" అన్నాను. కనిష్ఠ మందం, అంటే ఇంతకన్నా పల్చబడితే వాడకూడదనే కొలత, సాధారణంగా డిస్క్ మీదే ఉంటుంది. మాదాని మీద తుప్పు గీకితే 18 మిల్లీమీటర్లని కనబడింది.

మందం కొలిచే వెర్నియర్ పెడితే 20 చూపించింది, అంటే కొత్త డిస్క్ అంత! అరిగిన డిస్క్‌కి బయటి అంచున అరగని గట్టు మిగిలిపోతుంది, వెర్నియర్ దవడలు దానిమీద కూర్చుంటాయి. అందుకని గట్టు లోపల రెండు పక్కలా ఒక్కో రూపాయి బిళ్ల ఆనించి కొలిచి, బిళ్లల మందం తీసేశాం. 18.3 తేలింది. ఫేస్ కొడితే రెండువైపులా కలిపి అర మిల్లీమీటరైనా పోతుంది, 18 కిందికి దిగిపోతుంది. పల్చబడిన డిస్క్ వేడికి తట్టుకోలేదు. మేం తిరుమల ఘాట్ ఎక్కీ దిగే మనుషులం. "అయితే మార్చేద్దామండీ" అన్నారు బాబాయ్.

స్పేర్ పార్ట్స్ షాపులో కారు కంపెనీ డబ్బాలోది, పేరున్న విడిభాగాల కంపెనీది, పేరే లేనిది, చిల్లులు పెట్టిన స్పోర్ట్స్ డిస్క్ తీసి ముందు పెట్టారు. చిల్లులది చూడ్డానికి భలే ఉంటుంది. కానీ చిల్లు పెట్టినచోట ఇనుము తగ్గుతుంది, వేడిని తీసుకునే బరువు తగ్గుతుంది, బాగా కాలితే పగుళ్లు ఆ చిల్లుల దగ్గరే మొదలవుతాయి. ఇంటిల్లిపాదీ ఎక్కే కారుకి దాని అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. పేరు లేనిదాన్ని చేత్తో పట్టుకుంటేనే తేలిగ్గా ఉంది. మధ్యలో గాలి ఆడే రెక్కలు ఒకచోట లావుగా, ఇంకోచోట సన్నగా పోసి ఉన్నాయి. పక్కన పెట్టేశాను.

మిగతా రెండింటిలో ఏదైనా మంచిదే. ధర చూసి విడిభాగాల కంపెనీది తీసుకున్నాను. కారు మోడల్ పేరు ఒక్కటే చెప్పి మాత్రం తీసుకోకండి. ఒకే మోడల్‌లో సంవత్సరం, వేరియంట్ మారితే డిస్క్ కూడా మారొచ్చు. ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీయించి, పాత డిస్క్ పక్కన పెట్టి వెడల్పు, మందం, నడిమి రంధ్రంతో పాటు టోపీ (డిస్క్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే భాగం) ఎత్తు కూడా సరిచూశాం. ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా డిస్క్, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ మధ్యలో కూర్చోదు.

ముందు రెండు డిస్కులూ ఒకేసారి, కొత్త ప్యాడ్లతో సహా మార్పించాను. బిగించే ముందు హబ్ (డిస్క్, చక్రం బిగించే భాగం) మీది తుప్పంతా వైర్ బ్రష్‌తో రుద్దించాను. ఈ పని చాలాచోట్ల వదిలేస్తారు. అక్కడ తుప్పు పొర ఉంటే కొత్త డిస్క్ కూడా ఓరగా తిరిగి, కొన్ని వేల కిలోమీటర్లకి మళ్లీ వణుకు మొదలవుతుంది. డిస్కుకి పూసొచ్చిన నూనెని బ్రేక్ క్లీనర్‌తో కడిగారు. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు పీకి, శుభ్రం చేసి గ్రీజు పెట్టారు. వీల్ నట్లు గన్‌తో ఒక్కసారిగా బిగించకుండా, ఎదురెదురుగా, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో బిగించారు.

తర్వాత కొత్త ప్యాడ్లు డిస్కులకి సర్దుకోవాలని ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 15కి మెల్లగా తగ్గిస్తూ, మధ్యమధ్య చల్లారనిస్తూ చాలాసార్లు బ్రేక్ వేశాను. డిస్కులు వేడిగా ఉండగా పెడల్ తొక్కిపట్టి బండి ఆపలేదు, ఆపితే ప్యాడ్ మచ్చ అక్కడే అంటుకుపోతుంది. ఇప్పుడు 80 మీద బ్రేక్ వేసినా స్టీరింగ్ కదలడం లేదు.