సరిపోతుందా?

ఆరు నెలల క్రితం ఒక ఆదివారం మా అమ్మాయి కాగితం ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఎనిమిది వరుసలున్నాయి అందులో. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ, పవర్ సప్లై, కేసు, మానిటర్. "అమ్మా, 4కెలో గేమ్స్ ఆడే కంప్యూటర్ నేనే బిల్డ్ చేస్తాను" అంది. దానికి పదిహేనేళ్ళు. రెండేళ్ళుగా దాచుకున్న డబ్బు ఉంది, తక్కువ పడేది మమ్మల్ని వేయమంటోంది.

సరేనన్నాను. ఒక్క షరతు పెట్టాను. ఏ పార్టు ఎందుకు కావాలో నాకు తెలుగులో చెప్పి ఒప్పించాలి.

ఆ షరతు ఊరికే పెట్టలేదు. మేముండేది విదేశంలో. మా పిల్లలకు తెలుగు బాగా వచ్చని అందరితో చెప్పుకుంటాం. కానీ మా ఇంట్లో తెలుగు ఎంత మిగిలిందో ఒకరోజు కూర్చుని ఆలోచిస్తే భయమేసింది. "లేచావా? హోంవర్క్ అయిందా? ఫోన్ పెట్టేయ్. పడుకో, టైమైంది." అన్నీ నా ఆజ్ఞలే. వాళ్ళ వైపు నుంచి వచ్చేవి "ఊఁ", "వస్తున్నా", "రెండు నిమిషాలు". ఏదైనా వాదించాల్సి వస్తే, ఒక కారణం చెప్పాల్సి వస్తే, వెంటనే ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు. తప్పు వాళ్ళది కాదు. ఆలోచించి మాట్లాడాల్సిన పని తెలుగులో వాళ్ళకు మేమెప్పుడూ ఇవ్వలేదు.

మొదటి రోజే గొడవ అంకెల దగ్గర వచ్చింది. మానిటర్ ముందు ఎంచుకోవాలని నా పట్టు. తెర ఎంతో తెలియకుండా మిగతా ఏ పార్టూ నిర్ణయించలేం కదా. 4కె తెర అంటే అడ్డంగా 3840 చుక్కలు (పిక్సెల్స్), నిలువుగా 2160. అది గుణించి కాగితం మీద 8,294,400 అని రాసింది. నేను కామాలు మార్చి 82,94,400 అని రాశాను. "తప్పు రాశావ్ అమ్మా" అంది. తప్పు కాదు, ఇలా చదవాలి అని చెప్పాను: ఎనభై రెండు లక్షల తొంభై నాలుగు వేల నాలుగు వందలు. రెండుసార్లు తడబడింది, మూడోసారి సరిగ్గా చదివింది. తర్వాత మామూలు 1080పీ తెరది అదే రాసింది, 20,73,600. సరిగ్గా నాలుగో వంతు. "అంటే నాలుగు రెట్లు పని" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు. రెట్లు అనే మాట దానికి వచ్చని నాకు ఆ క్షణం దాకా తెలియదు.

27 అంగుళాల 4కె తెరలో అంగుళానికి 163 చుక్కలు పడతాయి, 32 అంగుళాలదైతే 138 వరకు. బల్లకు దగ్గరగా కూర్చుంటుంది కాబట్టి 27 అంగుళాలదే తీసుకున్నాం, 144 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 144 బొమ్మలు చూపించగలిగేది. అక్కడ పెద్దగా వాదన జరగలేదు.

అసలు వాదన గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ మధ్య. దాని కాగితంలో ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డీ. ఎనిమిది కోర్లు, చిప్ లోపలే ఉండే వేగమైన మెమరీ (ఎల్3 క్యాష్) 96 ఎంబీ, గేమింగ్‌కి పేరున్న చిప్. దానికి ఖర్చు పెట్టేశాక కార్డుకు డబ్బు చాలక 8 జీబీ మెమరీ ఉన్న కార్డు రాసుకుంది. "ఎందుకు?" అని అడిగాను. "ఎందుకంటే అది బెస్ట్" అంది. దేనికి బెస్ట్ అని మళ్ళీ అడిగాను. చిరాకు పడి లేచి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. నేను పెరిగిన ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటే వద్దే, కారణం అడిగే అలవాటు లేదు. ఇక్కడి బడిలో ప్రతిదానికీ ఎందుకని అడగమనే నేర్పుతారు. మా అమ్మాయి నన్ను "ఎందుకు?" అని మొహం మీద అడిగినప్పుడల్లా నాకు ఎదురుతిరిగినట్టు ఉండేది, మనసు చివుక్కుమనేది. ఈ కంప్యూటర్ పనిలో అడిగే వంతు నాది అయింది. అదే మాట నా నోటి నుంచి వెళ్ళినప్పుడు అది కూడా అలాగే ముడుచుకుపోయింది. ఆ రాత్రి దాని గదిలోకి వెళ్ళి, "ఆ చిప్పే కావాలని ఎందుకంటున్నావ్, కన్నా?" అని అడిగాను. అడిగింది అదే, కానీ ఈసారి మాట్లాడింది. తర్వాత అదీ నన్ను "ఎందుకంటావ్ అమ్మా?" అని అడగడం మొదలుపెట్టింది. మా ఇద్దరికీ కావాల్సింది ఆ చిన్న తేడా. తెలుగులో అది ఉంది, నేనే నేర్పలేదు.

మర్నాడు తనే చదువుకుని వచ్చింది. ప్రాసెసర్ పని బొమ్మకొకసారి, కార్డు పని చుక్కకొకసారి అని చెప్పింది. గేమ్‌లో ఎవరు ఎక్కడున్నారు, ఏది ఎటు కదిలింది అన్న లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. తెర పెద్దదైనా చిన్నదైనా ఆ లెక్క దాదాపు అంతే. ఒక్కో చుక్కకు రంగు వేసేది మాత్రం కార్డు. చుక్కలు నాలుగు రెట్లయితే భారమంతా దాని మీదే పడుతుంది. 4కెలో ప్రాసెసర్ చాలాసార్లు కార్డు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. "కాబట్టి" అని ఆగింది. ఆ మాట పలికి నా వైపు చూసింది, సరిగ్గా వాడానా అన్నట్టు. "కాబట్టి ప్రాసెసర్ తగ్గించి కార్డు పెంచాలి."

చివరికి రైజెన్ 5 9600ఎక్స్ దగ్గర ఆగాం. ఆరు కోర్లు, 65 వాట్లు. పైగా అది ఏఎమ్5 సాకెట్‌ది. సాకెట్ అంటే మదర్‌బోర్డు మీద చిప్ కూర్చునే చోటు. ఆ సాకెట్‌కు 2027 దాకా, ఆ తర్వాత కూడా కొత్త చిప్‌లు తెస్తామని వాటిని చేసే కంపెనీ ఏఎండీ ప్రకటించింది. రేపు డబ్బులున్నప్పుడు మదర్‌బోర్డు కదపకుండా ఇంకా పెద్ద చిప్ వేసుకోవచ్చు.

కార్డు విషయంలో ఇద్దరం చాలా చదివాం. పేరొకటే ఉండి లోపలి సరుకు వేరుగా ఉండే కార్డులుంటాయని అప్పుడే తెలిసింది. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8 జీబీతోనూ వస్తుంది, 16 జీబీతోనూ వస్తుంది. 4కెలో గేమ్‌లోని వస్తువుల పై పూతలన్నీ (టెక్స్చర్లు) కార్డు మెమరీలోనే ఉండాలి. పట్టకపోతే పొంగి ర్యామ్ వైపు పోతాయి, గేమ్ కుదుపులు ఇస్తుంది. 16 జీబీ కంటే తక్కువ వద్దనుకున్నాం. రెండు మిగిలాయి: ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ, ఆర్‌టీఎక్స్ 5070 టీఐ. రెంటిలోనూ 16 జీబీ ఉంది, కరెంటు ఖర్చూ ఇంచుమించు ఒకటే, 300 వాట్ల దగ్గర. రెండోది తీసుకుంది, డీఎల్‌ఎస్‌ఎస్ కోసం. అదేంటని అడిగాను. క్వాలిటీ మోడ్‌లో కార్డు బొమ్మను 2560 బై 1440లోనే గీస్తుందట, అంటే 36,86,400 చుక్కలు. సగం కూడా కాదు. మిగతావి అది... అని మాట కోసం వెతుక్కుంది. "గెస్ చేస్తుంది" అంది. ఊహిస్తుంది అను అన్నాను. "మిగతా చుక్కలు ఊహించి నింపుతుంది." ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

ఆ వారం వీడియో కాల్‌లో మా నాన్నగారికి ఇదంతా చెప్పబోయింది. బాటిల్‌నెక్ దగ్గర ఆగిపోయింది. దానికి తెలుగు మాట నాకూ తట్టలేదు. ఆయనే కాసేపు విని, "మోటారు ఎంత పెద్దదైతే ఏం లాభం తల్లీ, పైపు సన్నదైతే నీళ్ళు అంతే వస్తాయి. అదేనా నువ్వు చెప్పేది?" అన్నారు. "అదే తాతయ్యా, అదే!" అని కుర్చీలోంచి లేచింది. ఆ రోజు వాళ్ళిద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. అంతకు ముందు "బాగున్నావా తాతయ్యా", "బాగా చదువుకో తల్లీ" దగ్గర అయిపోయేది.

ఇక పవర్ సప్లై. ఇక్కడే మా ఇంట్లో ఒక మాట స్థిరపడింది. కార్డుకు 300, ప్రాసెసర్ గట్టిగా పనిచేసినప్పుడు ఒక 90, ఫ్యాన్లకూ డిస్కుకూ బోర్డుకూ ఇంకొంచెం. ఈ కార్డుకు 750 వాట్లు ఉండాలని తయారీదారు సూచన. మేం 850ది, కరెంటు తక్కువ వృథా చేస్తుందని గోల్డ్ రేటింగ్ ఉన్నది చూశాం. మొదట్లో అది "ఇఫ్ సరిపోదు అయితే" అనేది. ఒకవేళ సరిపోకపోతే అనాలని చెప్పాను. రెండు రోజుల్లో పట్టేసింది. తర్వాత ప్రతి పార్టుకూ అదే ప్రశ్న. సాకెట్‌కు చిప్ సరిపోతుందా? కార్డుకు కేసు పొడవు సరిపోతుందా? టేపు పెట్టి కొలిచింది, కార్డు 30 సెంటీమీటర్లు దాటింది. తన కాగితంలో అసలు రాసుకోని కూలర్ (చిప్‌ను చల్లబరిచేది) గుర్తొచ్చి, ఈ చిప్‌తో కూలర్ రాదని తెలిసి, దాని ఎత్తుకు కేసు వెడల్పు సరిపోతుందా అని మళ్ళీ కొలిచింది. కొలత కుదరడానికీ, చాలడానికీ, పొసగడానికీ మనకు ఒకటే మాట ఉంది. నేను పుట్టినప్పటి నుంచీ వాడుతున్నాను, ఎప్పుడూ గమనించలేదు. నాకు చూపించింది అదే. "ఇంగ్లీష్‌లో అయితే మూడు వర్డ్స్ కావాలమ్మా" అంది.

బిగించిన రోజు వాళ్ళ తమ్ముడు స్క్రూలన్నీ గిన్నెలో పెట్టుకుని పక్కనే కూర్చున్నాడు. అక్క అడిగితేనే ఇస్తున్నాడు. ర్యామ్ 32 జీబీ, రెండు స్టిక్కులు. పక్కపక్క స్లాట్లలో పెట్టబోయి, మళ్ళీ పుస్తకం చూసి, ప్రాసెసర్ వైపు నుంచి రెండో దానిలో, నాలుగో దానిలో పెట్టింది. కార్డు పవర్ కేబుల్ టక్కుమనే దాకా నొక్కి, సందు ఉందేమోనని ఫోన్ లైటు వేసి చూసింది. ఆ కనెక్టర్ పూర్తిగా దిగకపోతే వేడెక్కి కరిగే ప్రమాదం ఉందని తనే చెప్పింది.

బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగా ఉంది.

ఒక నిమిషం గడిచింది. నా గుండె జారిపోయింది. రెండేళ్ళు దాచిన డబ్బు. ఆపేయమని చెయ్యి చాచాను. "ఆగమ్మా. ఆపొద్దు. మెమరీ నేర్చుకుంటోంది" అంది. డీడీఆర్5 ర్యామ్ మొదటిసారి వేసినప్పుడు బోర్డు దాని వేగాన్నీ సమయాలనూ సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుందట. టెన్షన్‌లో ఉంది, గొంతు సన్నగా వణుకుతోంది, అయినా తెలుగులోనే చెప్పింది. షరతు ఆ సమయానికి నాకే గుర్తులేదు. మూడో నిమిషంలో తెర మీద అక్షరాలు వచ్చాయి. వాడు గిన్నె వదిలేసి గంతులేశాడు, స్క్రూలన్నీ నేలపాలయ్యాయి.

ర్యామ్ వేగం 6000 రావాల్సింది 4800 చూపించింది. ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే అసలు వేగం వస్తుంది. తెర కూడా 60 హెర్ట్జ్‌లోనే ఉండిపోయింది, విండోస్‌లోకి వెళ్ళి 144కు మార్చింది. ఆ రాత్రి పదకొండింటి దాకా పడుకోమని నేను అనలేదు.

ఇప్పుడు అది సాయంత్రం పూట ఆడుతుంటే నేను పక్కన కూర్చుని చూస్తాను. నిన్న ఒక ప్రశ్న అడిగింది. "అమ్మా, లేటెన్సీకి తెలుగులో ఏమంటాం?" ఆలస్యం అన్నాను. ఒప్పుకోలేదు. "ఆలస్యం అంటే స్కూల్‌కి లేట్ అవడం కదా. 144 హెర్ట్జ్‌లో ఒక్కో బొమ్మకు ఏడు మిల్లీసెకన్లు కూడా లేదు. అంత చిన్నదాన్ని ఆలస్యం అంటే ఎలా?" జాప్యం అన్నాను. అది ఆఫీసు కాగితంలో మాటలా ఉందంది. తాతయ్యను అడుగుదామని ఇద్దరం అనుకున్నాం. ఆయన లేచే వేళ ఇంకా కాలేదు.