బెర్లిన్ గడియారం బల్ల మీదికి వచ్చేదాకా

మొదటి వారం

బెర్లిన్‌లో బుడాపెస్టర్ ష్ట్రాసె పక్కన, యూరోపా సెంటర్ ముందు ఒక గడియారం ఉంది. దానికి ముళ్ళూ లేవు, అంకెలూ లేవు. ఉన్నవి 24 దీపాలే. డీటర్ బిన్నింగర్ దీన్ని రూపొందించారు. 1975లో కుర్ఫ్యుర్‌స్టెన్‌డామ్ వీధిలో నిలబెట్టారు, 1996లో ఇప్పుడున్న చోటికి మార్చారు. జర్మన్ పేరుకు అర్థం ‘సమితుల గడియారం’. పేరు విని జంకాను గానీ, తీరా చూస్తే అందులో ఉన్నది ఐదో ఎక్కమే. దాని బుల్లి నకలు ఒకటి చేద్దామని మొదలుపెట్టాను.

పైన గుండ్రటి దీపం ఒక సెకను వెలిగి, తరవాతి సెకను ఆరుతుంది. దాని కింద నాలుగు ఎర్ర గళ్ళు, ఒక్కోటి 5 గంటలు. రెండో వరుసలో మళ్ళీ నాలుగు ఎర్రవి, ఒక్కోటి గంట. మూడో వరుసలో 11 సన్నటి గళ్ళు, ఒక్కోటి 5 నిమిషాలు. వాటిలో 3, 6, 9 ఎరుపు, మిగతావి పసుపు. అందుకే పావు, అర, ముప్పావు లెక్కపెట్టకుండానే కంటికి ఆనతాయి. చివరి వరుసలో నాలుగు పసుపు గళ్ళు, ఒక్కోటి నిమిషం. 16:38 అయితే వరుసగా 3, 1, 7, 3 వెలగాలి.

గంటల్ని 5తో భాగిస్తే భాగఫలం మొదటి వరుస, శేషం రెండో వరుస. నిమిషాలకూ అంతే. ప్రోగ్రాంలో ఈ ముక్క పది నిమిషాల్లో అయిపోయింది. టైమంతా పెట్టెకే పోయింది.

రెండో వారం

సామాను: ఆర్డుయినో నానో (ప్రోగ్రాం ఎక్కించే చిన్న బోర్డు), టైం లెక్కపెట్టే డీఎస్3231 గడియారం మాడ్యూల్, మీటరుకు 60 ఎల్‌ఈడీలుండే డబ్ల్యూఎస్2812 స్ట్రిప్ (ఒక్కో ఎల్‌ఈడీని విడిగా, కావాల్సిన రంగులో వెలిగించొచ్చు), 5 వోల్టుల 3 ఆంపియర్ల అడాప్టర్, ఫోమ్ బోర్డు, పాల రంగు యాక్రిలిక్ షీటు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అసలు గడియారంలో 11 గళ్ళ వరుసా నాలుగు గళ్ళ వరుసలూ ఒకే వెడల్పు. స్ట్రిప్ మీద ఎల్‌ఈడీకీ ఎల్‌ఈడీకీ మధ్య 16.7 మిల్లీమీటర్లు. 11 ఎల్‌ఈడీల ముక్క 183 మిల్లీమీటర్లు వస్తుంది, సన్న గళ్ళకు అచ్చంగా సరిపోయింది. కానీ 11ని నాలుగుతో భాగిస్తే 2.75. పెద్ద గడికి రెండేముక్కాలు ఎల్‌ఈడీలు ఎలా పెడతాం? స్ట్రిప్‌ను ముక్కలు చేసి, మధ్యలో వైర్లు అతికి ఒక వరుస పూర్తిచేశాను. మూడు అతుకులు ఊడిపోయాయి, వేలు కాలింది.

మర్నాడు కాగితం మీద గీసి చూస్తే నవ్వొచ్చింది. స్ట్రిప్ కత్తిరించనే అక్కర్లేదు. 1, 2, 3 మొదటి గడిలో పడతాయి, 4, 5 రెండో దాంట్లో. 6వది సరిగ్గా రెండో, మూడో గళ్ళను వేరుచేసే నడిమి గోడ కిందికొస్తుంది, దాన్ని ఎప్పుడూ వెలిగించకుండా వదిలేస్తే చాలు. 7, 8 మూడో గడికి, 9, 10, 11 నాలుగో గడికి. ఒక్క జాగ్రత్త: 3కీ 9కీ పక్క గోడ బాగా దగ్గర, అక్కడ గోడ 3 మిల్లీమీటర్లు దాటితే ఎల్‌ఈడీ మీదికి ఎక్కుతుంది.

చివరి గళ్ళలో మూడు, నడిమి గళ్ళలో రెండు కాబట్టి వెలుగు తేడా కొట్టింది. ప్రోగ్రాంలో వెలుగును 0 నుంచి 255 దాకా అంకెతో ఇవ్వాలి. మూడున్న చోట ఒక్కోటి 80, రెండున్న చోట 120 పెట్టాను, మొత్తం రెండు చోట్లా 240. సన్న గడి వెడల్పు తక్కువ కాబట్టి 240ని 2.75తో భాగిస్తే 87. ఈ అంకెలతో నాలుగు వరుసలూ ఒకేలా కనిపిస్తున్నాయి. పసుపు కోసం ఎరుపూ ఆకుపచ్చా సమానంగా ఇస్తే నిమ్మకాయ రంగు వచ్చింది. ఎరుపు 100 అయితే ఆకుపచ్చ 60 దగ్గర ఆపాక కుదిరింది.

మూడో వారం

పరీక్ష కోసం 48 ఎల్‌ఈడీలనీ (పై దీపంలో నాలుగు) ఒకేసారి పూర్తి తెలుపులో వెలిగించాను, అదీ నానో బోర్డు నుంచే కరెంటు తీసుకుని. ఒక్కోటి 60 మిల్లీఆంపియర్ల దాకా లాగుతుంది, మొత్తం దాదాపు 2.9 ఆంపియర్లు. బోర్డు రీసెట్ అవుతూనే ఉంది, తప్పు నాదే. స్ట్రిప్‌కు అడాప్టర్ నుంచి నేరుగా ఇచ్చి, గ్రౌండ్ రెండింటికీ కలిపి, డేటా వైరులో 470 ఓముల రెసిస్టర్, స్ట్రిప్ మొదట్లో 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక కుదురుకుంది. మామూలు వాడకంలో, దీపాలు ఎక్కువగా వెలిగే 23:59కి కూడా, మీటర్ అర ఆంపియర్ దాటలేదు.

డీఎస్3231 కొనేవాళ్ళకు ఒక మాట. చవకగా దొరికే మాడ్యూళ్ళలో చాలావాటికి బ్యాటరీని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. అందులో మామూలు సీఆర్2032 వేస్తే, చార్జ్ కాకూడని సెల్‌లోకి కరెంటు పోతుంది. డయోడ్ పక్కనున్న 200 ఓముల రెసిస్టర్ తీసేశాను. చిప్ మాత్రం బంగారం, ఏడాదికి నిమిషం అటూఇటూ తేడా అంతే.

పై దీపం ఇంకో తంటా పెట్టింది. నాలుగైదు నిమిషాలకోసారి ఆరాల్సినప్పుడు ఆరదు, లేదా వెలగాల్సినప్పుడు వెలగదు. ప్రోగ్రాంలో డిలే 1000 (అంటే 1000 మిల్లీసెకన్లు ఆగమని) పెట్టి, ప్రతిసారీ టైం చదువుతున్నాను. చదవడానికీ వెలిగించడానికీ పట్టే కొన్ని మిల్లీసెకన్లు పోగై, ఒక సెకను మొత్తం ఎగిరిపోతోంది. సరి సెకను తరవాత మళ్ళీ సరి సెకనే కనిపిస్తే దీపం ఎలా ఆరుతుంది? డిలే తీసేసి, మాడ్యూల్‌లోని ఎస్‌క్యూడబ్ల్యూ పిన్ నుంచి సెకనుకోసారి వచ్చే పల్స్‌తో నడిపిస్తున్నాను. పోయింది.

బిన్నింగర్‌కు బల్బులతోనే తంటా. మాటిమాటికీ మాడిపోతుంటే, ఎక్కువకాలం వెలిగే బల్బును ఆయనే తయారుచేశారు. ఎల్‌ఈడీలు పట్టుకుని వేలు కాలిందని నేను గోల చేయడం ఏం బాగుంటుంది.

నాలుగో వారం

గోడకు తగిలించాను. మా అమ్మాయి రెండు రోజులు వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. మూడో రోజుకి దూరం నుంచే చెప్పేస్తోంది. నాకు ఇంకా 11 గళ్ళ వరుస దగ్గర ఒక క్షణం పడుతుంది.

మొదటి రాత్రి నిద్రపోకుండా చూస్తూ కూర్చున్నాను. 23:59కి నిండుగా ఉన్న గడియారం ఒక్కసారిగా చీకటైంది. పై దీపం ఒక్కటే కొట్టుకుంటోంది. సప్లై పోయిందేమోనని మీటర్ తీసుకుని స్టూల్ ఎక్కి, మూత స్క్రూలు రెండు విప్పాక తట్టింది: 00:00ని 5తో భాగిస్తే వచ్చేవన్నీ సున్నాలే. మూడో స్క్రూ మీద చేయి ఉండగా అట్టడుగు వరుసలో ఒక పసుపు గడి వెలిగింది.