పెన్సిల్ అక్షరాలు

“ఇది ఎవరు చెప్పారమ్మా?”

ఎం.ఏ. మొదటి ఏడాదిలో నా కాగితం చేత్తో పట్టుకుని మాస్టారు నన్ను అడిగిన మొదటి మాట ఇదే. ఆంధ్రా యూనివర్సిటీలో మా 1982-84 ఇంగ్లీష్ బ్యాచ్ వాళ్లకి మాస్టారంటే ఒక్కరే, పేరు రాయక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరి జీవితం రెండు పేజీల్లో రాసుకు రమ్మన్నారు. మా నాన్న గురించి రాస్తూ, పుట్టిన తేదీ జులై 1 అని పెట్టాను. క్లాసులో ఇంకో ఐదుగురి తండ్రులు కూడా జులై 1నే పుట్టారు. అది బళ్ళో వేసేటప్పుడు పంతులుగారు రాసుకున్న తేదీ అని మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ శనివారం అనకాపల్లి వెళ్లి మా మామ్మని అడిగాను. “గాలివానకి బెల్లం పాకలు ఎగిరిపోయిన ఏడు, దీపావళి వెళ్లిన మూడోనాడు” అంది. పాత పంచాంగాలు దాచుకున్న పురోహితుడి గారింటికి వెళ్లి చూపించుకుంటే, నాన్న సర్టిఫికెట్ కన్నా ఏడాదిన్నర పెద్దని తేలింది. సోమవారం ఈ సంగతి చెప్పినప్పుడు మాస్టారి మొహం వెలిగిపోవడం నాకింకా కళ్లకు కడుతుంది. నాకు ఫస్ట్ క్లాస్ వచ్చినప్పుడు కూడా ఆయన అంత సంబరపడలేదు.

ఆయన అరవైల్లో ఇక్కడే ఎం.ఏ. చదివారు. కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ గారి శిష్యులు. అయ్యంగార్ గారు 1947లో మన యూనివర్సిటీకి ఇంగ్లీష్ ప్రొఫెసర్‌గా వచ్చి, 1966 నుంచి 1968 దాకా వైస్ ఛాన్సలర్‌గా కూడా చేశారు. భారతీయులు ఇంగ్లీషులో రాసిన సాహిత్యానికి ఆయన రాసిన చరిత్ర 1962లో వచ్చింది. చాలామందికి ఆయన ఆ పుస్తకంతోనే తెలుసు. మాస్టారు మాత్రం ఆయన్ని ముందుగా జీవితచరిత్రకారుడిగా చూసేవారు. లిట్టన్ స్ట్రాచీ మీద పుస్తకం రాసింది ఆయనే, శ్రీ అరవిందుల జీవితం రాసిందీ ఆయనే. పెద్దపెద్దవాళ్లను పీఠాల మీంచి కిందకి దించిన రచయిత స్ట్రాచీ. అలాంటివాణ్ణి అంత శ్రద్ధగా చదివిన మనిషి, ఆ తర్వాత పూర్తి భక్తితో అరవిందుల చరిత్ర ఎలా రాయగలిగారు? ఈ ఒక్క ప్రశ్న మీద మాకు మూడు వారాలు క్లాసు జరిగింది.

ఆ పుస్తకం 1945లో వచ్చేనాటికి అరవిందులు జీవించే ఉన్నారు. రాతప్రతి తెప్పించుకుని చూసి, తప్పులు దిద్దారు కూడా. ఎవరి గురించి రాశామో ఆయనే దిద్ది పంపితే రాసేవాడికి అంతకన్నా అదృష్టం ఏముంటుందని నేను వాదించాను. ఏ తేదీలు సరిపోతాయో ఆ దిద్దుబాటు చెబుతుంది గానీ, ఏ గది తలుపు మూసే ఉందో చెప్పదమ్మా అన్నారు మాస్టారు. ఆయన ఒప్పనే ఇప్పుడనిపిస్తుంది. అలాగని ఆ పుస్తకం మీద ఆయనకున్న గౌరవం ఇసుమంత కూడా తగ్గింది కాదు.

జీవితచరిత్రకారుడు సమాచార సముద్రం మీద పడవేసుకుని వెళ్లి, అక్కడక్కడ చిన్న బాల్చీ ముంచి తీయాలని స్ట్రాచీ 1918లో ఒక ముందుమాటలో రాశాడు. ఈ మాట చెప్పిన రోజు మాస్టారు మమ్మల్ని పెద జాలరిపేట ఒడ్డుకి తీసుకెళ్లారు. వలలోంచి చేపలు ఏరుతున్న ఒకాయన్ని, ఇవి ఎక్కడ పడ్డాయని అడిగారు. ఎంత దూరం, ఎంత లోతు, గాలి ఎటు, అన్నీ చెప్పాడాయన. మాస్టారు మావైపు తిరిగి చూశారు. ఇంకేమీ అనలేదు.

మాస్టారు ముప్ఫై ఏళ్లకు పైగా కట్టమంచి రామలింగారెడ్డి గారి జీవితం మీద పనిచేశారు. యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్, బ్రిటిష్ ప్రభుత్వం తీరుకి నిరసనగా రాజీనామా చేసి, 1936లో తిరిగొచ్చి 1949 దాకా ఉన్నాయన. పెద వాల్తేరులో మాస్టారింట్లో చెప్పుల డబ్బాల నిండా కార్డులుండేవి. పాత శుభలేఖలు కత్తిరించి, వెనక ఖాళీ వైపు రాసేవారు. పైన ఎడమపక్క తేదీ, మధ్యలో సంగతి, కింద కుడిపక్క చెప్పినవాళ్లు. ఒక్కరే చెబితే పెన్సిల్‌తో రాయడం. రెండో సాక్ష్యం దొరికిన రోజున అదే గీతల మీద ఫౌంటెన్ పెన్నుతో నీలం ఇంకు దిద్దడం. ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పుపట్టి కార్డులన్నిటికీ గోధుమరంగు మచ్చలుండేవి. పెన్సిల్ కార్డు ఒకటి ఇంకు కార్డు అయిన రోజున అమ్మగారు మాకు రెండోసారి కాఫీ ఇచ్చేవారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. రోడ్లన్నీ చెట్లు పడిపోయి, ఫోన్లు లేక, నేను నాలుగో రోజుకి గానీ మాస్టారింటికి చేరలేకపోయాను. కిటికీ రెక్కలు ఊడిపోయి ఆ గదంతా తడిసిపోయింది. మాస్టారు, అమ్మగారు నేలంతా దుప్పట్లు పరిచి కార్డులు ఆరేస్తున్నారు. నేనూ కూర్చున్నాను. ఒక్కో కార్డూ విడదీస్తుంటే తెలిసింది. ఇంకు అంతా నీలం మరకై కారిపోయింది. పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. ఇంకా రుజువు కాని సంగతులన్నీ స్పష్టంగా కనబడుతున్నాయి, రుజువైనవి పోయాయి.

చాలా కార్డుల్లో నీలం మరక కింద మొదటి పెన్సిల్ గీతలు లీలగా ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఆయనకి అన్నీ కంఠతా వచ్చు. చూసి మళ్లీ దిద్దేయండి మాస్టారూ, నేను రాసిపెడతాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. రెండో సాక్ష్యం ఏ కాగితంలో ఉందో ఆ కాగితం మళ్లీ చూశాకే దిద్దుతానన్నారు. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. ఆ తర్వాత లైబ్రరీకి ఆటోలో వెళ్లి వస్తుండేవారు. వారానికి నాలుగు, ఐదు కార్డులు అయ్యేవి.

పుస్తకం పూర్తి కాలేదు. అంత చదువు వృథా అయిందని మా బ్యాచ్‌లోనే ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను నేను. విద్యార్థి కాగితం మీద “ఎవరు చెప్పారు?” అని రాయకుండా ఒక్క సెమిస్టరు గడవలేదు.

మాస్టారు పోయాక అమ్మగారు నాకొక కార్డు ఇచ్చారు. 1948 డిసెంబరు స్నాతకోత్సవంలో అరవిందులకి కట్టమంచి వారి పేరిట జాతీయ బహుమతి ప్రకటించడం, దాన్ని అందించడానికి రెడ్డిగారే స్వయంగా పాండిచ్చేరి వెళ్లడం అందులో ఉన్నాయి. ఆ రెండు వాక్యాలూ కొత్త ఇంకుతో ఉన్నాయి. కింద మూడో వాక్యం ఒకటుంది. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరో చెప్పిన మాట. అది పెన్సిల్‌తోనే ఉంది. అందుకే ఇక్కడ రాయడం లేదు.