సాల్జ్‌బర్గ్ దాకానే టికెట్

ట్రిప్ ప్లాన్ చేసింది నేనే. ఎక్సెల్ షీట్ వేసింది నేనే. అందులో మొదటి లైన్‌లోనే 'పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు రెండూ తప్పనిసరి' అని ఎర్ర అక్షరాల్లో రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టిందీ నేనే. శనివారం పొద్దున ఏడున్నరకి మ్యూనిక్ పెద్ద స్టేషన్‌లో పాస్‌పోర్ట్ లేకుండా నిలబడిందీ నేనే.

ఇది 2025 మే నెల సంగతి. మ్యూనిక్‌లో మాస్టర్స్ రెండో సెమిస్టర్ నడుస్తోంది. జులైలో పరీక్షలు మొదలైతే ఇక ఎటూ కదలలేం కాబట్టి ఈలోపే ఒక శని, ఆదివారాలు ఎక్కడికైనా పోయి రావాలని ఐదుగురం అనుకున్నాం. మా గ్యాంగ్‌లో ఒకరినొకరు పేర్లతో పిలుచుకోవడం తక్కువ, ఊళ్ళ పేర్లే వాడుక. నెల్లూరు, విజయనగరం, కరీంనగర్, ఖమ్మం, ఐదోవాణ్ణి తెనాలి నుంచి వచ్చిన నేను. విజయనగరం, ఖమ్మం అమ్మాయిలు. కరీంనగర్ అందరికన్నా చిన్నవాడు, మార్చిలోనే దిగాడు. మమ్మల్నందరినీ అన్నా, అక్కా అంటాడు.

ఎక్కడికి పోవాలన్న ప్రశ్నకి మా దగ్గర ఎప్పుడూ టికెట్టే జవాబు చెబుతుంది. జర్మనీలో డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలుపెట్టి 2025లో 58 చేశారు. మేముండే బవేరియా రాష్ట్రంలో చదువుకునేవాళ్ళకి ఆ ఏడాది తగ్గింపు పోను 38 పడేది. నెలంతా దేశంలో ఏ సిటీ బస్సయినా, మెట్రో అయినా, ప్రాంతీయ రైలయినా ఎక్కొచ్చు. స్పీడుగా పోయే పెద్ద రైళ్ళు మాత్రం ఎక్కకూడదు. ఏడాది ఖర్చులకి నెలకి 992 యూరోల లెక్కన బ్లాక్‌డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా) 11,904 ముందే కట్టి వచ్చిన కరీంనగర్ లాంటివాడికి, అద్దె, ఇన్సూరెన్స్ పోను మిగిలేదాంట్లో ఈ టికెట్టే పెద్ద ఆస్తి. అది దేశం సరిహద్దు దాటి పనిచేసే చోట్లు కొన్నే ఉన్నాయి. మాకు దగ్గర్లో అలాంటిది ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్. పెద్ద స్టేషన్ దాకా చెల్లుతుంది, ఆ తర్వాత ఒక్క స్టాపు కూడా చెల్లదు.

టికెట్ ఖర్చు లేదని తేలాక గది దగ్గర ఆగాం. సాల్జ్‌బర్గ్‌లో శనివారం రాత్రికి హాస్టల్ మంచాల రేట్లు చూసి నెల్లూరు "ఏందిరా ఇది, మొజార్ట్ పక్కన పడుకోబెడతారా" అన్నాడు. సంగీతకారుడు మొజార్ట్ పుట్టిన ఊరది. అప్పుడు విజయనగరం మ్యాపు జరిపి చూపించింది. సాల్జ్‌బర్గ్‌కి ముందు స్టేషన్ ఫ్రైలాసింగ్. అది జర్మనీలోనే ఉంది. రైల్లో పది నిమిషాల లోపే. అక్కడ ఒక గెస్ట్‌హౌస్‌లో రెండు గదులు కలిపి, ఆ హాస్టల్ మంచాల కన్నా బాగా తక్కువకి దొరికాయి. పగలు ఆస్ట్రియాలో తిరిగి రాత్రికి జర్మనీ వచ్చి పడుకోవడం. అటు వెళ్ళేవాళ్ళెవరికైనా నేను మొదట చెప్పేది ఇదే.

తర్వాత కరీంనగర్ టెన్షన్ మొదలైంది. వాడికి ఇంకా రెసిడెన్స్ కార్డు చేతికి రాలేదు, పాస్‌పోర్ట్‌లో అంటించిన నేషనల్ వీసా, అంటే డి వీసా, ఒక్కటే ఉంది. దాంతో వేరే దేశం దాటొచ్చా అని అడిగాడు. గ్రూపులో తలా ఒక మాట. ఒకరు కుదరదన్నారు, ఒకరు తెలిసినవాళ్ళెవరో వెళ్ళొచ్చారన్నారు. చివరికి కూర్చుని రూల్ చదివితే సంగతి తేలిగ్గానే ఉంది. జర్మనీ ఇచ్చిన డి వీసా గడువులో ఉంటే, పాస్‌పోర్ట్‌తో కలిపి, మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసా ఒప్పందంలో ఉన్న యూరప్ దేశాలు) 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. కార్డు ఉన్నవాళ్ళకీ లెక్క అదే. రెండు సందర్భాల్లోనూ పాస్‌పోర్ట్ ఒరిజినల్ వెంట ఉండాలి, ఫోన్‌లో ఫొటో పనికిరాదు. వాడికి ఇదంతా అరగంట ఫోన్‌లో చెప్పి ధైర్యం నూరిపోశాను. పాస్‌పోర్ట్ పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు కూడా నేనే ఇచ్చాను.

అందుకే ప్లాట్‌ఫామ్ మీద వాడు ఆ కవరు తీసి మళ్ళీ ఓసారి చూసుకుని, "అన్నా, నీ పాస్‌పోర్ట్ ఏడుంది?" అని మామూలుగా అడిగినప్పుడు నేను బ్యాగులో చెయ్యి పెట్టి అక్కడే ఆగిపోయాను. పర్సులో కార్డుంది. పాస్‌పోర్ట్ టేబుల్ సొరుగులో ఉంది. టేబుల్ నా గదుండే విద్యార్థుల కాలనీ ష్టుడెంటెన్‌ష్టాట్‌లో ఉంది.

రైలుకి ఇంకో ఐదు నిమిషాలుంది. "కార్డుంది కదా, రారా, ఎవడు చూస్తాడు" అని నెల్లూరు లాగాడు. మెట్రో మారి గదికి పోయి రావాలంటే గంటకి పైనే. ఐదుగురం వెనకబడటం కన్నా ఒక్కణ్ణి వెనకబడటం మేలని మీరు పొండన్నాను. ఎర్ర అక్షరాల్లో రాసినవాణ్ణి నేనే కార్డుతో పోయి చిక్కుకుంటే ఆ తర్వాత ఏ ట్రిప్‌లోనూ నా మాట వినరని భయం ఎక్కువైంది, నిజం చెప్పాలంటే. ముగ్గురు వెళ్ళిపోయారు. కరీంనగర్ మాత్రం "నేను ఆగుతా అన్నా" అని దిగిపోయాడు. ఒక కాఫీ షాపులో వాణ్ణి కూర్చోబెట్టి పరుగెత్తాను.

రెండు రైళ్ళు పోయాక మూడోది ఎక్కాం. తొందరలో పక్క ప్లాట్‌ఫామ్ మీద సాల్జ్‌బర్గ్ అని బోర్డు చూసి ఎర్రటి రైల్లోకి కాలు పెట్టబోతే వాడే చొక్కా పట్టి ఆపాడు. అది స్పీడు రైలు, మా టికెట్ చెల్లదు. ఆ పూట నా పెద్దరికం పూర్తిగా వాడి చేతికి పోయింది.

దారి మాత్రం బాగుంది. రోజెన్‌హైమ్ దాటాక కుడివైపు ఆల్ప్స్ దగ్గరవుతాయి. కాసేపటికి ఎడమవైపు కీమ్‌జే సరస్సు చెట్ల సందుల్లోంచి మెరుస్తుంది. ఇలాంటి పచ్చిక, ఇలాంటి కొండలు చిన్నప్పుడు మన సినిమా పాటల్లో చూసి అదంతా స్విట్జర్లాండ్ అనుకునేవాళ్ళం. మొత్తం రెండు గంటల లోపు ప్రయాణం.

సాల్జ్‌బర్గ్‌లో దిగేసరికి వాన. పెద్ద వాన కాదు, ఆగే వాన కూడా కాదు. అక్కడివాళ్ళు దానికి శ్నూర్ల్‌రేగెన్ అని పేరు పెట్టుకున్నారు, దారాలు వేలాడినట్టు పడే వాన అని. మనం ముసురంటాం. మాలో గొడుగున్నది ఖమ్మం ఒక్కదాని దగ్గరే.

మాకంటే రెండు గంటల ముందు వచ్చిన ముగ్గురూ మిరాబెల్ తోట చూసేసి, మళ్ళీ మా కోసం అక్కడే తిరుగుతున్నారు. 1606లో వోల్ఫ్ డీట్రిష్ అనే ఆర్చ్‌బిషప్ తన ప్రియురాలు సలోమె ఆల్ట్ కోసం కట్టించిన భవనం అది. బిషప్‌కి ప్రియురాలేంటని అడక్కండి, ఆవిడతో పిల్లలు కూడా బోలెడుమంది. తోటకి టికెట్ లేదు. పూలమడుల మధ్య నిలబడితే ఎదురుగా కొండమీద హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోట సరిగ్గా మధ్యలో వస్తుంది. ఆ ఫొటో అందరి దగ్గరా ఉంటుంది, మా దగ్గర మబ్బుతో ఉంది.

మధ్యాహ్నం సాల్జాఖ్ నది ఒడ్డున వంతెన కింద తడవకుండా నిలబడి విజయనగరం తెచ్చిన ఆవ పులిహోర తిన్నాం. డబ్బా మూత తీయగానే పక్కన నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్ళు ముక్కు ఎగబీల్చి చూశారు. ఆవ ఘాటు అలాంటిది. "ఏటి అలా చూస్తన్నారు, పెట్టమంటారా" అని తను తెలుగులోనే అడిగింది. వాళ్ళు నవ్వి తలూపారు.

గెట్రైడెగాస్సె అనే ఇరుకు వీధి మాత్రం వానలోనే బాగుంటుందేమో. దుకాణాల పైన ఇనుముతో అల్లిన బోర్డులు వేలాడుతుంటాయి. చదువు రానివాళ్ళకి కూడా ఏ దుకాణం ఏదో తెలియాలని పూర్వం బొమ్మలతో పెట్టుకున్నవి. మెక్‌డొనాల్డ్స్ కూడా ఆ పద్ధతిలోనే బోర్డు పెట్టుకోవాల్సి వచ్చింది. అదే వీధిలో తొమ్మిదో నంబరు పసుపు ఇల్లు. 1756 జనవరి 27న మొజార్ట్ పుట్టింది అక్కడే. లోపలికి టికెట్ కొనాలి కాబట్టి బయటే నిలబడ్డాం. ఆయనకి ఈ ఊరంటే పెద్దగా పడేది కాదు, ఇక్కడి ఆర్చ్‌బిషప్ దగ్గర కొలువు విసిగి 1781లో అది వదిలేసి వియన్నాలో ఉండిపోయాడు. ఇప్పుడు చాక్లెట్ దగ్గర్నుంచి గొడుగు దాకా ఊరంతా ఆయన బొమ్మే అమ్ముతారు. చాక్లెట్ కొనాలంటే ఒక సంగతి: ఎర్ర, బంగారు రంగు కాగితంలోవి ఫ్యాక్టరీవి. 1890లో పాల్ ఫూర్స్ట్ అనే ఆయన మొదలుపెట్టినవి వెండి కాగితం మీద నీలం రంగులో ఉంటాయి, ఇప్పటికీ చేత్తోనే చేస్తారు. లోపల పిస్తా ముద్ద. తలా ఒకటి కొన్నాం. నెల్లూరు నోట్లో వేసుకుని, మా ఊరి మలై కాజా ముందు ఇది ఏపాటి అన్నాడు. నాకైతే నచ్చింది.

కోట లోపలికి పోవడం నా వల్ల పోయింది. 1077లో కట్టడం మొదలుపెట్టిన కోట, చూడాలంటే రెండు మూడు గంటలు కావాలి. మేం పైకి చేరేసరికి ఆ టైము లేదు. కొండకి రైలుంది కానీ కాలిబాటన ఎక్కి, పక్కనే ఉన్న మోంఖ్స్‌బెర్గ్ గుట్ట మీద నుంచి ఊరు చూసి దిగాం. ఐదింటికి వాన ఆగింది. తడిసిన రాగి గుమ్మటాలన్నీ ఒక్కసారి ఆకుపచ్చగా వెలిగాయి. ఎవరం ఫోన్ తీయలేదు, అప్పటికే అందరి ఛార్జింగూ అయిపోయింది.

ఆదివారం హాల్‌ష్టాట్, ఆస్ట్రియాలోనే సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఇక్కడ మా టికెట్ పని చేయదు, ఖర్చులో పెద్ద ముక్క ఇదే. సాల్జ్‌బర్గ్ స్టేషన్ ముందు 150 నంబరు బస్సెక్కి బాడ్ ఇష్ల్ దాకా గంటన్నర, అక్కడ రైలు, రైలు దిగాక పడవ. స్టేషన్ సరస్సుకి ఈ ఒడ్డున, ఊరు ఆ ఒడ్డున. బస్సులో సీట్లు దొరకలేదు, సగం దారి నిలబడ్డాం. కానీ పడవ ఊరివైపు తిరిగినప్పుడు ఐదుగురం ఒక్క మాట మాట్లాడలేదు. నిటారు కొండ, దాని కాళ్ళ దగ్గర నీళ్ళలోకి జారిపోతాయేమో అన్నట్టు చెక్క ఇళ్ళు, మధ్యలో సన్నటి చర్చి శిఖరం.

ఊళ్ళో ఉండేది ఏడెనిమిది వందల మంది. వచ్చేవాళ్ళు మా లాంటి వేలమంది. నిశ్శబ్దంగా ఉండమని బోర్డులు. 2023లో సెల్ఫీల గోల పడలేక ఆ ప్రసిద్ధమైన ఫొటో చోటుకి అడ్డంగా చెక్క కంచె కట్టి, మళ్ళీ తీసేశారు. మేమూ అక్కడే నిలబడి సెల్ఫీ దిగాం, గొంతు తగ్గించి.

నన్ను పట్టేసింది మాత్రం ఎముకల ఇల్లు. కొండకీ సరస్సుకీ మధ్య శ్మశానానికి చోటు చాలక, కొన్నేళ్ళకి పాత సమాధి తవ్వి ఎముకలు తీసి ఆ గోతిని ఇంకొకరికి ఇచ్చేవారు. తీసిన పుర్రెల్ని ఎండలో ఆరబెట్టి, నుదుటి మీద పేరు, పక్కన గులాబీలో ఆకుల దండో రంగుల్తో వేసి చిన్న గదిలో వరసగా పేర్చారు. పన్నెండు వందల దాకా ఉన్నాయి, సగానికి పైగా రంగులేసినవే. ఒకే ఇంటివాళ్ళని పక్కపక్కనే పెట్టారు. ఖమ్మం లోపలికి రానంది, కరీంనగర్ వచ్చి అందరికన్నా ఎక్కువసేపు నిలబడ్డాడు. "ఎంత మంచిగ రాసిన్రు అన్నా" అన్నాడు మెల్లగా.

అక్కడి ఉప్పు గనిలో మూడు వేల ఏళ్ళకి ముందే తవ్వకాలు జరిగాయట. ఆ ఉప్పు ఇంటికి తీసుకెళ్దామని విజయనగరం చిన్న సంచి కొంటుండగా పడవ వెళ్ళిపోయింది. తర్వాతి పడవకి గంటకి పైగా టైముంది. హంసల్ని చూస్తూ మెట్ల మీద కూర్చుని మిగిలిన చపాతీలు ఊరగాయతో తినేశాం. ఆదివారం అక్కడ మామూలు కిరాణా దుకాణాలు తెరవరు. తిండి వెంట తెచ్చుకోకపోతే హోటల్ బిల్లే గతి.

సాల్జ్‌బర్గ్‌లో మ్యూనిక్ రైలు ఎక్కేసరికి చీకటి పడుతోంది. ఫ్రైలాసింగ్‌లో రైలు ఆగింది, కదల్లేదు. 2015 నుంచి జర్మనీ ఈ సరిహద్దులో తనిఖీలు చేస్తోంది. ముందురోజు రాత్రి ఎవరూ రాలేదు కానీ ఈసారి ఇద్దరు పోలీసులు ఎక్కారు. "ఆవుస్‌వైస్ బిట్టె" (గుర్తింపు కార్డు చూపించండి) అనుకుంటూ ఒక్కో సీటూ చూసుకుంటూ వస్తున్నారు.

నేను పాస్‌పోర్ట్ తీసి, దాని మీద కార్డు పెట్టి, రెండు చేతుల్తో ప్రసాదం అందించినట్టు చాచాను. ఆమె కార్డు మీద ఓ చూపు చూసి, మొహం ఓసారి చూసి, పాస్‌పోర్ట్ తెరవకుండానే "డాంకె" అని తిరిగిచ్చేసింది. రెండు సెకన్లు కూడా పట్టలేదు. నెల్లూరు నావైపు చూసిన చూపు నేను రాయను.

కరీంనగర్ దగ్గర మాత్రం ఆగింది. వీసా పేజీ తిప్పి తిప్పి చూసింది. ఎప్పుడొచ్చావు, ఏ యూనివర్సిటీ, సాల్జ్‌బర్గ్ ఎందుకెళ్ళావు. వాడు వచ్చీరాని జర్మన్‌లో ఒక్కోటీ చెప్పాడు. చివరి ప్రశ్నకి మాటలు దొరక్క కవర్లోంచి వెండి రంగు చాక్లెట్ కాగితం తీసి చూపించాడు. ఆమె నవ్వేసింది.

రాత్రి గదికి చేరాక ఖర్చులు పంచుకునే యాప్ స్ప్లిట్‌వైజ్ తెరిచాను. రెండు రోజులకి తలా నూరు యూరోలు దాటింది, అంటే దాదాపు పదివేల రూపాయలు. జాబితాలో అన్నీ ఐదుగురికీ సమానంగా పంచి ఉన్నాయి, ఒక్కటి తప్ప. కరీంనగర్ శనివారం పొద్దునే ఎక్కించాడు దాన్ని. 'అన్న పాస్‌పోర్ట్ తెచ్చేదాకా కాఫీలు, రెండు.' మొత్తం నా పేరు మీదే ఉంది.