మనసు కన్నా ముందు అరికాళ్లు

బెంగళూరు మారతహళ్లిలో మా ఐటీ వాళ్ల మధ్య నిద్ర పట్టకపోవడాన్ని ఎవరూ జబ్బుగా లెక్కేయరు. రాత్రి పదకొండు దాకా అమెరికా కాల్స్, తర్వాత ఫోను. నాకైతే పక్క మీదికి చేరాకే అసలు కథ మొదలయ్యేది. రేపటి డెమో, ఇంటి లోను, నాన్న బీపీ, మేనేజరు ఎప్పుడో అన్న మాట అన్నీ ఒకేసారి వచ్చి పడేవి. గుండె దడ. మూడింటికి మెలకువ వస్తే ఇక తెల్లారినట్టే. కడుపుబ్బరం, మలబద్ధకం సరేసరి.

ఈసీజీ, థైరాయిడ్ పరీక్షలు బాగానే వచ్చాయి. ఇది యాంగ్జైటీ అని సైకియాట్రిస్టు మాత్రలు రాశారు. దడ తగ్గింది కానీ బుర్రలో రొద ఆగలేదు. హిందూపురం నుంచి అమ్మ పోరు పెడుతుంటే ధన్వంతరి రోడ్డులోని ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడి డాక్టరమ్మ మనసు గురించి తర్వాత అడిగారు. ముందు ఆకలి, విరేచనం, ఎన్నింటికి తింటారు, ఏం తింటారు అని ఆరా తీశారు. ఆయుర్వేదం చెప్పే మూడు దోషాల్లో ఒకటైన వాతం నాలో పెరిగిందన్నారు. వాతానికి పొడిదనం, చల్లదనం, తేలికదనం, కదలిక గుణాలట. నా రోజు చూస్తే అచ్చం అదే: పొద్దున ఖాళీ కడుపున కాఫీ, మధ్యాహ్నం ఏసీలో చల్లటి సలాడ్, రాత్రి తోచినప్పుడు తిండి. దీనికి విరుగుడు నూనె, వేడి, వేళ తప్పని అలవాటు అన్నారు. రోజూ నూనె రాసుకోవాలని, ముఖ్యంగా తలకు, చెవులకు, పాదాలకు రాయాలని పాత ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలోని దినచర్య అధ్యాయంలోనే ఉంది. మందుల చీటీ చిన్నదే. జాగ్రత్తలే ఎక్కువ: సైకియాట్రిస్టు మాత్రలు సొంతంగా ఆపకూడదు, అశ్వగంధ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని మింగకూడదు. థైరాయిడ్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లకు అది పడకపోవచ్చట.

రాత్రి ఎనిమిదిలోపే పెసరపప్పు పులగం, పైన నెయ్యి. తర్వాత చిన్న గిన్నెలో నువ్వుల నూనె పోసి, వేడినీళ్ల గ్లాసు మీద పెడతాను. గోరువెచ్చనయ్యాక మడమ నుంచి వేళ్ల దాకా బొటనవేలితో నొక్కుతూ రాస్తాను. వేళ్ల సందుల్లో నూనె ఇంకేదాకా వదలను. ఆపైన పాత సాక్సులు, లేకపోతే దుప్పట్లన్నీ మరకలే. చేతులు జిడ్డుగా ఉంటే ఫోను ముట్టుకోబుద్ధి కాదు. సగం గుణం అక్కడే ఉందని నా అనుమానం.

ముందు కడుపు కుదుటపడింది. నిద్ర ఆ తర్వాత, చాలా మెల్లగా వచ్చింది. ఆలోచనలు ఇప్పటికీ వస్తాయి, కాకపోతే పట్టుకుని వేలాడవు. సాఫ్ట్‌వేర్ రిలీజ్ వారాల్లో మళ్లీ దడ వస్తుంది. అలాంటప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పంచకర్మ (ఆయుర్వేద శరీరశుద్ధి చికిత్స) ప్యాకేజీలంటూ వాట్సాప్‌లో వచ్చే రేట్లు చూస్తే మాత్రం ఉన్న నిద్ర కూడా పోతుంది.

సైకియాట్రిస్టు ఈమధ్యే డోసు తగ్గించారు. కాఫీ మానలేదు, టిఫిన్ తర్వాతకు జరిపాను. డాక్టరమ్మ అడిగింది కూడా అంతవరకే.